ఎన్ని తడులు

పొద్దున ఆరింటికి గేజీ రాయి మీద
రెండడుగుల తొమ్మిదంగుళాలు.
పాచి మాత్రం మూడున్నర దగ్గరే ఉంది,
మొన్నటిదాకా నీళ్లు అక్కడున్నాయని
సాక్ష్యానికొచ్చి ఇంకా వెళ్లని మనిషిలాగా.
సెక్షనాఫీసుకి ఫోన్లో అంకె పంపాను.
ఎప్పట్లాగే తిరిగొచ్చింది ఒక బొటనవేలు.

ఇరవైయేడేళ్ల లస్కరు పని.
తూము తాళంచెవి మొలతాడుకే వేలాడుతుంది,
నిద్రలో పక్కకి తిరిగితే గుచ్చుకుంటుంది.

నిన్న గుంటూరులో మీటింగు.
బల్లల మీద వరసగా నీళ్ల సీసాలు,
గోడ మీది వెలుగులో డ్యాముల పేర్లు,
పేరు పేరుకీ ఎదురుగా టీఎంసీలు.
రబీకి ఆరుతడి పంటలేనట, వారబందీయేనట,
ఎగువ చేరికలను బట్టి, నిల్వలను బట్టి,
తాగునీటి అవసరాలను బట్టి.
వెనక గోడకి ఆనుకుని విన్నాను.
ఆ కాగితంలో 'బట్టి' పదకొండుసార్లుంది.
లెక్కపెట్టడమేగా నా ఉద్యోగం.

ఇవ్వాళ కట్ట మీదికి సలోమి వచ్చింది,
కొడవలి నడుముకి చెక్కుకుని.
నందివెలుగు అవతల మూడెకరాల కౌలు,
శివారు భూమి.
అందరి మళ్లూ తాగి తేన్చాక
బోదెలో మిగిలిన ఎంగిలి దానికి.

"ఏవన్నారు మస్తానన్నా?"
చెప్పాను. బ్యారేజీ దగ్గర ఇన్నడుగులు,
పైన ఇన్ని టీఎంసీలు, మన కాలవకి ఇన్ని క్యూసెక్కులు.
"అయ్యన్నీ నాకెందుకు? ఎన్ని తడులో చెప్పు."

ఎల్లుండి ఆమె వరి కోత.
మినుము చల్లాలంటే ఈ రెండురోజుల్లోనే,
నిలిచున్న పైరులో, కాలు దిగే పదునులో.
మినుము మంచు తాగి బతుకుతుంది,
కాలవని నమ్ముకోదు.
మొక్కజొన్నయితే ఆరు తడులు.
కంకి పాలుపోసుకునే వేళ తడి తప్పితే
మిగిలేది చొప్ప, దాని మీద అప్పు.
బ్రాడీపేటలో ఉండే ఆసామి
మొక్కజొన్న లెక్కనే కౌలడుగుతున్నాడు.
"నీళ్లిస్తామని మీటింగులో చెప్పారుగా" అంటాడంట.
'బట్టి' ఆయన చెవిదాకా పారలేదు,
అదీ శివారు మాటే.

నా దగ్గర ఇరవైయేడు నోటుపుస్తకాలున్నాయి.
కార్తీకంలో గేజీ ఇట్టా పడిన ఏళ్లలో
నాలుగో తడి ఎన్నాళ్లు ఆలస్యమైందో,
ఐదోది ఎక్కడిదాకా వచ్చి ఇంకిపోయిందో,
అన్నీ పెన్సిల్‌తో రాసే ఉన్నాయి.
అయినా నోరు పెగల్లేదు.
ఒక ఏడు రావన్నాను.
మార్గశిరంలో తుఫాను పట్టి కట్టలు తెగాయి.
నాసరయ్య ఇప్పటికీ నేనెదురొస్తే
సైకిలు డొంకలోకి తిప్పేస్తాడు.
ఒక ఏడు వస్తాయన్నాను.
ఆ సంగతి చెప్పను.

సలోమి కదల్లేదు.
కాలవలో గుర్రపుడెక్క ఒకటి
వెళ్లాలా వద్దా అన్నట్టు
తూము ముందు తిరుగుతూ ఉంది.

"మూడు ఖాయం" అన్నాను.
"నాలుగోది అర్ధరాత్రి వస్తది,
పార పట్టుకుని నువ్వే కాసుకోవాలి.
ఐదోది అడగమాక."

ఆమె చెయ్యి చాపి చూసుకుంది.
నాలుగు వేళ్లు నిలబెట్టి
బొటనవేలు లోపలికి మడిచింది.
కాసేపు దాన్ని అట్టాగే పట్టుకుని నిలబడి
ఏమీ అనకుండా కట్ట దిగిపోయింది.

సాయంత్రం సైకిలాపి చూశాను.
మొలలోతు వరిలో సలోమి,
ఒళ్లో మినుములు.
గింజలు ఆకుల మీద పడే చప్పుడు
చినుకులే అనుకుని
ఒక్క క్షణం నేను కూడా తలెత్తాను.

చీకటి పడ్డాక ఫోను మోగింది, బ్రాడీపేట నుంచి.
"ఆవిడకి చెప్పింది నువ్వేనా?"
"గేజీ చెప్పిందండీ" అన్నాను.
"నువ్వెవడివయ్యా చెప్పడానికి?"
అదీ నిజమే. నాకు కుర్చీ వెయ్యలేదు ఆ హాల్లో.

తెల్లారి ఆరింటికి రెండడుగుల ఏడంగుళాలు.
పంపాను. బొటనవేలొచ్చింది.
రిజిస్టరులో అడుగులకో గడి, అంగుళాలకో గడి,
షట్టరు ఎంత ఎత్తామో దానికో గడి.
ఇంకో గడి లేదు.
అంచున ఉన్న ఖాళీలో చిన్నగా రాశాను:
సలోమి, మూడెకరాలు, మినుము.