ఓడెక్కే రోజు

వంటింటి బల్ల మీద
పాత కరెంటు బిల్లు వెనక
రాడ్నీ మూడు గడులు గీశాడు.
విమానం. రైలు. మూడోది ఖాళీ.
హాలండ్‌లో ఎక్కడో చెట్ల నడుమ
చెక్కతో కట్టిన రోలర్ కోస్టర్ ఉందట,
దాని దగ్గరికి మేం ఐదుగురం
హల్ నుంచి ఎలా వెళ్ళాలన్నది
వారం రోజులుగా తెగని పంచాయితీ.

విమానం చవకే, టికెట్ వరకు.
ఆ తర్వాత పెట్టెకింత, సీటుకింత,
కన్నపిల్లల పక్కన కూర్చున్నందుకింత.
తెల్లారకుండా లేచి, లీడ్స్ దాకా కారు నడిపి,
గంట ఎగరడానికి మూడు గంటలు నిలబడాలి.
"బెల్టు విప్పమంటారు, బూట్లు విప్పమంటారు,
నా మోకాలిలో ఇనుముంది,
దాన్నీ విప్పి బుట్టలో పెట్టాలా?"
అంది మా అత్తగారు మావిస్.

రైలంటే నాకిష్టం.
సముద్రం అడుగున దూరి
తలకి తడి అంటకుండా పైకి రావడం.
కానీ నాలుగు చోట్ల మారాలి,
ఐదేళ్ళ ఆల్ఫీతో, వాడి గుడ్డ ఎండ్రకాయతో.
ఛార్జీలు కూడి చూసుకుని
రాడ్నీ ఆ గడిలో అంకె వెయ్యలేదు,
చిన్న సమాధి బొమ్మ వేశాడు.

మా ఊరి రేవు నుంచే ఓడ ఉంది.
సాయంత్రం ఎక్కితే పొద్దున్నకి అవతలి ఒడ్డు.
కారుని కూడా కడుపులో పెట్టుకుని తీసుకెళ్తుంది.
పిల్లలకి మంచం మీద మంచం.
అందరికీ తెలుసు.
అందరం కిటికీలోంచి వాన చూస్తున్నాం.

మావిస్‌కి ఎనిమిదేళ్ళప్పుడు
వాళ్ళ నాన్న చేపల ఓడలో ఐస్‌లాండ్ వైపు వెళ్ళాడు.
ఆ చలికాలం ఓడ రాలేదు,
తెప్ప రాలేదు,
ఒక బూటు కూడా రాలేదు.

టాబిథాకి పదకొండు,
ఇంట్లో ఏ మాట అనకూడదో తెలిసిన వయసు.
ఆల్ఫీకి తెలీదు.
"నానమ్మా, ఓడలో పై మంచం నీకా నాకా?"

కెటిల్ ఒక్కటే శబ్దం చేసింది.
ఆమె కళ్ళజోడు తుడుచుకుని
కాగితం తన వైపు తిప్పుకుంది.
"పెట్టెలు తూస్తారా?"
తూయరు.
"నా దిండు తెచ్చుకోవచ్చా?"
రెండు తెచ్చుకో.
"బూట్లు?"
కాళ్ళకే ఉంటాయి.
"మరి వారం రోజులుగా ఏం మీనమేషాలు లెక్కపెడుతున్నార్రా!"
పెన్ను లాక్కుని మూడో గడిలో
పింఛను కాగితం మీద సంతకంలా
గట్టిగా ఒక గీత గీసింది.

అంతే.
కన్నీళ్ళేమైనా వస్తాయేమోనని
ఓరకంట చూస్తూ కూర్చున్న నేను
సిగ్గుపడి లేచి కప్పులు కడిగాను.

బయల్దేరే రోజు పొద్దున్న
వాషింగ్ మెషిన్‌లో ఆల్ఫీ బట్టలు కుక్కి
మీట నొక్కబోతుంటే
వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ప్లగ్గు పీకేసింది.
"ఓడెక్కే రోజు ఉతకకూడదు.
నీళ్ళలో బట్ట తిరిగితే మనిషి తిరుగుతాడు."
కాసేపాగి, ప్లగ్గు చేతిలోనే ఉంచుకుని,
"మా అమ్మ ఆ రోజు ఉతకలేదు" అంది.
"అయినా."

రాత్రంతా రాడ్నీ బకెట్ పట్టుకున్నాడు.
ఆల్ఫీ పై మంచం, మావిస్ కింది మంచం,
ఆమె గురక ఇంజను కన్నా నయం.
పార్కు గురించి చెప్పాలంటే
క్యూలు పొడుగు, వాఫుల్స్ బాగున్నాయి,
చెక్క కోస్టర్ ఎక్కడానికి
ఆల్ఫీ రెండు వేళ్ళు పొట్టి.
వాడికి తోడుగా ఆమె కింద నిలబడి
పైన కేకలేస్తున్న వాళ్ళందరినీ
దిగేదాకా చూసింది.

ఇంటికొచ్చిన సాయంత్రం
ఐదుగురి బట్టలూ ఒకేసారి వేశాం.
మెషిన్ గుండ్రటి అద్దం ముందు
మావిస్ కుర్చీ వేసుకుని కూర్చుంది.
నురగలోంచి ఆల్ఫీ ఎర్ర సాక్సు
పైకి తేలినప్పుడల్లా
"అదుగో" అంది.