రెండింటి కాపలా

రాత్రి రెండింటికి ఎవరూ లేపకుండానే మెలకువొస్తుంది.
సెల్వరాయన్ భుజం తట్టినట్టే.
"లెయ్ మే, నీ వంతు."

పుత్తూరులో నా వంతంటూ ఏమీ లేదు.
అయినా మిద్దెక్కుతాను.
మద్రాసు రోడ్డు మీద లారీ దీపాలు.
ఎర్రది కనపడితే ఓడ ఎడమ పక్క,
పచ్చది కనపడితే కుడి పక్క,
రెండూ కనపడితే మన మీదికే వస్తున్నట్టు.
ఇక్కడ అన్నీ ఎర్రవే. అన్నీ వెళ్ళిపోయేవే.

ముప్పై రెండడుగుల పడవ.
మద్రాసు నుంచి మారిషస్‌కు నలభై ఆరు రోజులు.
నిద్ర ముక్కలు ముక్కలు,
మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్ళు,
పుక్కిలించడానికి అరగ్లాసు.
గిన్నెలు ఉప్పునీళ్ళతో, ఒళ్ళు ఉప్పునీళ్ళతో.
పొట్టు లేచిన నా మోచేతులు చూసి
"కరువు సీమ పిల్లవు, నీకిదేం కొత్త" అనేవాడు.
నిజమే. బోరు ఎండిన ఎండాకాలాల్లో
ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి పెరిగినదాన్ని.
చుట్టూ అన్ని నీళ్ళుండటమే కొత్త.

భూమధ్యరేఖ దగ్గర గాలి చచ్చిపోయింది.
తొమ్మిది రోజులు.
తెరచాప, దండెం మీద మరిచిపోయిన దుప్పటి.
నేను పారేసిన ఉల్లిపొట్టు
మర్నాడు పొద్దునా పడవ పక్కనే తేలుతోంది.
మాటలు అయిపోయాయి.
మిగిలిన ఒక్క పోట్లాటా ఊరగాయ సీసా మూత గురించి.

పదో రాత్రి గాలి చెప్పకుండా వచ్చింది.
చాప కింది దూలం అటు నుంచి ఇటు ఒకటే విసురు.
సెల్వరాయన్ అరవలేదు.
టార్చి వేస్తే, ముంజెయ్యి
వంగకూడని చోట వంగి ఉంది.

మా తాత ఎముకలకు కట్టు కట్టేవాడు.
నాకు నేర్పలేదు. నేనూ అడగలేదు.
అరుగు మీద ఏడ్చేవాళ్ళ కాళ్ళు కదలకుండా పట్టుకోవడమే నా పని.
కళ్ళు మూసుకున్న ఆయన వేళ్ళు ఎముక మీద నడవడం
చూసి చూసి, ఎక్కడో మిగిలిపోయినట్టుంది.

వాజిలీన్ పూసి దాచుకున్న గుడ్లు, ఇంక రెండే,
ఆదివారం ఆమ్లెట్టుకని.
తెల్లసొన కట్టుకు.
పచ్చసొన చెంచాతో అతని నోట్లో.
చాపలోంచి లాగిన రెండు బద్దలు,
అతని లుంగీ చింపిన పీలికలు.
ఆకు లేదు, ఏ ఆకో కూడా తెలీదు.
లాగేటప్పుడు పడవ ఒరిగింది.
ఎముక కూచుంది.
నా పనా, సముద్రం పనా, ఇప్పటికీ తేలలేదు.

ఆపైన పదహారు రోజులు
తాళ్ళు నావి, చుక్కాని అతని ఎడమ చేతిది.

ఇప్పుడు పులికాట్‌లో ఉంటాడు.
నిన్న ఫోను చేశాడు:
"చెయ్యి గుంజుతా ఉండాది మే. రేపో ఎల్లుండో వాన.
మీ పక్కకే."

కొండల మీద ఒక్క మబ్బు లేదు.
టార్పాలిన్ తెచ్చి మిద్దె మీద నాలుగు మూలలూ కట్టాను,
నడుమ వంపు, కింద బక్కెట్టు.
మొదటి జల్లు వదిలెయ్యాలి, చాపకున్న ఉప్పు పోవాలి గదా,
అనుకున్నాక గుర్తొచ్చింది.

పక్కింటి ధనకోటమ్మ పిట్టగోడ మీంచి చూసి అడిగింది:
"యాడికి మే, ప్రయాణం?"