ఆడది: ఇంకా తెలియదు

ఊరూ పేరూ లేనిదని అనలేను.
ఊరుంది.
బోర్నియోలో, క్రాకర్ కొండల మీద,
పదమూడు వందల మీటర్ల ఎత్తున
మధ్యాహ్నం రెండయ్యేసరికి మబ్బు కిందికి దిగొచ్చి
తడిబట్టలా చెట్లకి వేలాడే అడవిలో
ఒక వాగు.
పటంలో దానికి నీలం గీతైనా లేదు.
దారి చూపిన సువాలిమ్ మాత్రం
"మా మామ కత్తి పారేసుకున్న వాగు" అన్నాడు.
చీటీ మీద పెన్సిలుతో అదే రాశాను,
అక్షాంశానికీ తేదీకీ మధ్య, ఇరుకుగా.

తెల్లగుడ్డ కట్టి దీపం పెట్టిన రాత్రి
ఉసిళ్ళు వానలా కురిశాయి.
అరచేయంత చిమ్మట ఒకటి నా చెవిలో దూరబోయింది.
వాటి మధ్య ఇది, పిలవని పేరంటానికొచ్చినట్టు
గుడ్డ అంచున, నీడలోనే నిలబడింది,
నాలుగు రెక్కలూ వీపు మీద చదునుగా మడిచి,
పాత దస్తావేజులా.

"ఇదా!" అన్నాడు సువాలిమ్.
"ఇది ఎగిరే చోట నీళ్ళు కాచక్కర్లేదు.
చిన్నప్పుడు దీని పిల్లల్ని గాలానికి గుచ్చేవాళ్ళం."
పేరేమిటని అడిగాను.
"పేరెందుకు, జొవీటా?
రాయి కింద ఉండేది అంటే
మా వాళ్ళందరికీ తెలుసు."

కోటకినబాలులో, ఏసీ చప్పుడు కింద, ఇప్పుడు రాస్తున్నాను:
మగది. ముందురెక్క పదకొండు మిల్లీమీటర్లు.
తల పసుపు; కళ్ళ నడుమ ఒలికిన కాఫీ మరక.
చిరుకళ్ళు రెండు, వాటి మధ్య ఎడం
ఒక చిరుకన్ను కన్నా కాస్త ఎక్కువ.
("కాస్త" కొట్టేశాను. ఒకటిన్నర రెట్లు.)
ఏడో ఖండం మీద నువ్వుగింజ ముక్కంత గూను,
దాని మీద ముళ్ళు, పద్దెనిమిదో పందొమ్మిదో,
మూడుసార్లు లెక్కపెట్టాను, మూడు లెక్కలొచ్చాయి.

దీనికీ దీని దాయాదులకీ తేడా అంతా
పొట్ట చివరే ఉంటుంది.
అందుకే కోయాలి.
కోసి, వేడి క్షారంలో వేస్తే
కండంతా కరిగిపోయి
గాజులాంటి డొల్ల మిగులుతుంది.
ఆ డొల్లని బొమ్మ గీస్తాను.
ఈ జాతి అంటే ఇకమీదట లోకానికి
ఆ బొమ్మే.

రెండేళ్ళు చలినీళ్ళలో రాయిని పట్టుకుని వేలాడి,
వారం రోజుల గాలి కోసం బయటికొస్తుంది.
ఆ వారమంతా, మా పుస్తకాల ప్రకారం, పస్తు.

ఒక్కటి మాత్రం ఈ పత్రంలో రాయడానికి గడి లేదు.
ఆ రాత్రి సారా పొయ్యకముందు
సీసాలో ఇది పొట్టతో గాజుని కొట్టింది.
మూడు దెబ్బలు. ఆగింది. ఒకటి.
మళ్ళీ మూడు.
సువాలిమ్ నిద్దట్లోనే
"తలుపెవరో కొడుతున్నారు చూడు" అన్నాడు.
మా టార్పాలిన్ కి తలుపెక్కడిది?
ఆడది దగ్గర్లో ఉంటే బదులు కొడుతుంది.
పావుగంట ఆగాను.
వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు.
తర్వాత పోశాను.

ఆడది: ఇంకా తెలియదు.
గుడ్డు: తెలియదు.
పిల్లపురుగు: తెలియదు,
అని రాసి చాలాసేపు చూశాను.
ఎన్ని వేల పిల్లపురుగుల్ని గాలానికి గుచ్చి ఉంటారో
ఆ ఊరి కుర్రాళ్ళు!
వాళ్ళెవరూ సారాలో వెయ్యలేదు, అంతే.

పేరు దగ్గర ఖాళీ.
డబ్బిచ్చిన సంస్థ పేరు బాగుంటుందని
మా ప్రొఫెసరు ముందు దగ్గి, తర్వాత చెప్పాడు.
సువాలిమ్ కి ఫోన్ చేశాను. అతను గుట్టెక్కితేనే సిగ్నల్.
"నా పేరొద్దు. పురుగు పేరని మనవలు ఏడిపిస్తారు.
మామ కత్తి పేరు పెట్టు,
పోయిన వస్తువు కదా, ఎవరూ కాదనరు" అన్నాడు.
లాటిన్ నిఘంటువులో కత్తులు చాలా ఉన్నాయి,
పోయిన కత్తి లేదు.

మార్చిలో మళ్ళీ వెళ్తున్నాం, ఆడదాని కోసం.
దీపం, గుడ్డ, జెనరేటరు, ఉప్పు సర్దాను.
వచ్చేటప్పుడు
పెద్ద అయస్కాంతం ఒకటి తెమ్మన్నాడు సువాలిమ్.