సీసాలు కడిగే చోట

నెలకోసారి రాసివ్వాలి.
రాసింది నేనే, ద్రహోమీర శ్కొపోవాని.
కింద మాత్రం వాళ్లిచ్చిన దొంగపేరు పెట్టేదాన్ని:
కొన్వాలింక. మే నెలలో అడవిలో పూసే తెల్లపువ్వు.
ఎవడికి తట్టిందో, పాపం.

బెచ్వా నది ఒడ్డున పాలకేంద్రం.
తెల్లారగట్ల నాలుగింటికి ఆవిరి,
క్లోరిన్ వాసన, గాజుకి గాజు తగిలే చప్పుడు.
రెండో తొట్టి దగ్గర ఆయన.
ఆంబ్రోజ్ క్వాపిల్, వయసు అరవై ఒకటి.
రిజిస్టరులో చదువు దగ్గర అడ్డగీత.
వృత్తి దగ్గర, సీసాలు కడుగువాడు.

యురేనియం గనిలో పదకొండేళ్లని
చేతులే చెప్పేవి.
గోళ్లు లేని రెండు వేళ్లు
సీసా మెడలోకి బ్రష్షు దూర్చేటప్పుడు
వంగేవి కావు.
ఏం నేరం చేశావని అడిగితే
"ఒక కాగితం మీద సంతకం పెట్టలేదమ్మా" అన్నాడు,
గొడుగు మర్చిపోయి వచ్చానన్నంత తేలిగ్గా.
నేను పెట్టాను. ఆ మాట అనలేదు.

మొదటి నెల ఇలా రాశాను:
సీమజీలకర్ర రొట్టె తింటాడు. ఈల వేస్తాడు.
ఎవరితోనూ గొడవ లేదు.
కామ్రేడ్ హ్రుబెష్ చదివి బల్ల మీద పారేశాడు.
"మీవాడికి టెక్నికల్ స్కూల్లో సీటు కావాలన్నావు కదూ?"
ఒక్కసారే అన్నాడు. చాలింది.

రెండో నెల చేతులు వణికి
ఒక పెట్టెడు సీసాలు పగలగొట్టాను.
ఆయన వంగి పెంకులు ఏరుతూ, తలెత్తకుండా
"నా గురించేనా?" అన్నాడు.
ఆవిరిలో ఎవరి మొహమూ ఎవరికీ కనబడదు.
అవునన్నాను.
"అయితే గురువారం ఆలస్యంగా వచ్చానని రాయి.
అన్నీ మంచే రాస్తే నమ్మరు.
సర్కారు పాలు అరలీటరు తాగానని కూడా రాయి,
అదీ నిజమే."
నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.
అడక్కముందే క్షమించేవాణ్ని
ఏం చేసుకోవాలి?

అప్పట్నుంచి ఇద్దరం కలిసే రాశాం.
ఆయన చెప్పడం, నేను రాయడం.
తప్పులు దిద్దేవాడు.
దీర్ఘం పడాల్సిన చోట దీర్ఘం పడాలి,
చదివేది పోలీసులైనా సరే.

ఒక ఫిబ్రవరి రాత్రి, బాయిలర్ గది తలుపు సందులోంచి చూశాను.
బొగ్గుకుప్ప పక్కన పాల లారీ నడిపే ఒటాకర్
మోకాళ్ల మీద.
ఆయన రబ్బరు ఏప్రన్ విప్పలేదు, బూట్లు విప్పలేదు.
దగ్గుమందు సీసాలో ఎండుద్రాక్ష నానిన నీళ్లు.
వంగని ఆ వేళ్లతో సహా
రెండు చేతులూ ఆ కుర్రాడి తల మీద పెట్టి
అలా ఉంచేశాడు.
మాటల్లేవు. బాయిలర్ బుస తప్ప.
దేవుడి సంగతి నాకు తెలీదు, మా నాన్న పార్టీ మనిషి.
కానీ ఒక మనిషి తల మీద ఇంకో మనిషి
అంత నెమ్మదిగా చేతులు పెట్టడం
అంతకుముందు చూళ్లేదు. ఆ తర్వాతా చూళ్లేదు.

ఆ నెల కాగితం ఆయనకి చూపించలేదు.
"బాయిలర్ గదిలో పైపు కారుతోంది,
బాగుచేయించవలెను."
దీర్ఘాలన్నీ సరిగ్గానే పడ్డాయి.

రెండేళ్లకి, ఊపిరితిత్తుల్లో గని మిగిల్చిన దుమ్ముతో పోయాడు.
పెట్టె వెనక పద్నాలుగు మందిమి,
అందులో ముగ్గురు హ్రుబెష్ మనుషులు.
వాన పడుతున్నా ఒకడు టోపీ తీశాడు.
నా పక్కన నడుస్తూ ఒటాకర్
చెవిలో ఒక్క ముక్క చెప్పాడు: బిషప్.
ఎవరు అన్నాను, మొద్దులా.

మావాడికి సీటు వచ్చింది. ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తాడు.
దాని ఖరీదు వాడికి చెప్పలేదు.

మొన్న ఆ ఫైళ్లు తెరిచారు.
నంబరు చీటీ పట్టుకుని కూచున్నాను, ఆస్పత్రిలోలాగా.
అరవై మూడు కాగితాలు.
నా చేతిరాత, ఆయన వాక్యాలు.
ప్రతి దాని అంచునా ఎర్ర పెన్సిలుతో హ్రుబెష్:
"పనికిరాని సమాచారం."
కాపీ కావాలా అని అడిగింది అక్కడి పిల్ల.
ఒక్కటి చాలన్నాను, ఆ ఫిబ్రవరిది.

పైపు మాత్రం
ఎవరూ బాగుచేయించలేదు.