సెవెరో ఎక్కాలు

నీళ్ళలోకి దిగకముందే
పడవ అంచున కూచోబెట్టి ఎక్కాలు నేర్పాడు సెవెరో.
"నా కుడిచేతికి రెండు వేళ్ళు తక్కువ.
కింద మాటలుండవు కదా,
చెయ్యంతా చాపితే ఐదు.
మూడు కాదు. గుర్తుంటుందా?"
ఉంటుందన్నాను.

దూరంగా మిండోరో కొండల మీద అప్పుడే ఎండ పడుతోంది.
డీజిలు వాసన, ఎండుచేపల వాసన,
నా కొత్త రబ్బరు సూటు వాసన.
లంగరు వెయ్యలేదు. ఇక్కడ వెయ్యకూడదు.
పార్కువాళ్ళ తెల్ల బోయాకి తాడు తగిలించాడు
పసిపిల్ల జడకి రిబ్బను కట్టినంత నెమ్మదిగా.

మనీలా నుంచి వచ్చేవాళ్ళు అడుగుతారట వేళ్ళేమయ్యాయని.
సొరచేప కొరికిందంటాడు.
వాళ్ళు సంబరపడి ఓ యాభై ఎక్కువిస్తారు.
నేను ఈ నెలలోనే రేంజరుగా చేరాను కనుక
నాకు మాత్రం, రిజిస్టరులో రాసుకోమన్నట్టు, నిజం చెప్పాడు:
జిన్ను సీసా, దాన్నిండా ఎరువు, పొట్టి వత్తి,
ఇరవై రెండేళ్ళ వయసు.
"వత్తి పొట్టిదైతే చేప పారిపోదు. చెయ్యే పారిపోతుంది."
నవ్వాడు.
నవ్వాలో లేదో తెలియక
మాస్కు అద్దం మీద ఉమ్మి రుద్దుకుంటూ కూర్చున్నాను.

వెనక్కి వాలి పడ్డాం.

మొదట నా ఊపిరి ఒక్కటే, కొలిమితిత్తిలా.
తర్వాత కరకర.
చిలకచేపలు పగడాన్ని కొరుక్కుతింటున్న చప్పుడు,
పక్కగదిలో ఎవరో పటికబెల్లం నములుతున్నట్టు.
సెవెరో కుడివైపుకి తల తిప్పి విన్నాడు.
ఎడమ చెవి కూడా ఆ సీసాతోనే పోయింది.

గోడ.
ఊదా, పసుపు, ఆరని నెత్తురు రంగు,
విసనకర్రలు, మెదడు మడతలు, జింక కొమ్ములు,
సందుల్లోంచి వేలెడేసి చేపలు వందలు
ఒక్కసారే మలుపు తిరిగితే
ఎవరో చీర దులిపినట్టు.
నా చెయ్యి దానంతటదే చాచుకుంది.
అతను చేతులు కట్టుకుని చూపించాడు
అవి ఎక్కడుండాలో.

మలుపు దాటాక ఏమీ లేదు.
బూడిద రంగు వాలు. పుల్లలుగా విరిగిన పగడం,
ఏరకుండా వదిలేసిన అస్థికల్లా.
ప్రతి పోటుకీ దొర్లుతాయి.
దొర్లేదాని మీద ఏదీ మొలవదు.
సెవెరో బొటనవేలు గుండెకి ఆనించుకున్నాడు: నేను.
వాలు కేసి చూపించాడు.
ఆ గుర్తు ఏ పాఠంలోనూ లేదు.

ఒక్కచోట రాతికి అతుక్కుని గుప్పెడంత కొత్త పగడం.
ఇసుక లేస్తుందని కాళ్ళు బిగబట్టి
దూరంగానే ఆగాడు చాలాసేపు,
బిడ్డ నిద్రపోతున్న గదికి గుమ్మంలో ఆగినట్టు.

అప్పుడొచ్చింది, రెక్క కొన తెల్లగా, సొరచేప.
మా కేసి చూడనైనా లేదు.
సెవెరో అరచెయ్యి నిలువుగా నుదుటికి చేర్చాడు.
'సొరచేప' అని చెప్పే గుర్తే, నాకు తెలుసు.
కాని అది కనుమరుగయ్యాక కూడా చెయ్యి దించలేదు.
పుచ్చుకున్న యాభైలన్నిటికీ
దణ్ణం పెట్టుకుంటున్నాడేమో.

పైకొస్తూ, తాడు దగ్గర, చెయ్యంతా చాపాడు.
ఐదు మీటర్లు. ఆగాను.
మళ్ళీ అదే చెయ్యి.
ఐదు నిమిషాలా? అంత గాలి లేదు నాకు.
కంగారుగా గేజీ చూపించాను.
తల అడ్డంగా ఊపి, ఉన్న వేళ్ళని ఒక్కొక్కటే తాకాడు
ఒకటి, రెండు, మూడు.

లోతు చెప్పేటప్పుడు పోయిన వేళ్ళు కూడా లెక్కకొస్తాయి.
ఆగాల్సిన సేపు చెప్పడానికి మిగిలినవే.

పడవెక్కాక అడిగాను.
"అవునా? ఐదూ మూడూ ఒకటేనా?
ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదే!" అని
అడుగంటిన అన్నం
నా కంచంలో ఓ గరిటె ఎక్కువేశాడు.