గోధడి కాదు, బొంత

ముందుగాల పాత చీరలు తియ్యాలె.
మరీ చిరిగినయి వద్దు, కొత్తయి మనసొప్పదు.
మోకాళ్ళ మీద పరచి లాగితే
పర్రున పోకుండ కొంచెం మూలిగేది,
అది పనికొస్తది.

ఇది నా మాట. వత్సలాబాయి ఒప్పుకోదు.
చిరిగిందే మెత్తగుంటది, లోపల పెట్టు అంటది.
సిరొంచల మా రెండిండ్ల నడుమ ఒక్కటే గోడ,
ఆ పక్క దాన్ని గోధడి అంటరు, ఈ పక్క బొంత.

చంద్రపూర్ నుంచి బండి మీద కంబళ్ళొస్తయి,
ఒక్కోదాని మీద ఇంతంత పులిబొమ్మ.
రెండు ఉతుకులకు పులికి బొచ్చు రాలుతది.
కొనాల్నంటే కొనుక్కోండ్రి.

ఆ ఏడు వానలు ఆగలే.
ప్రాణహిత పొంగి బస్సులు బందైనయి,
పత్తి చేన్ల కలుపు లేకపాయె.
పోశాలు టైలరు కొట్టుకు పోయి
మిషను కింది కత్తిరింపులు సంచెడు ఎత్తుకొచ్చిన, ఊకెనే.
జాకెట్ల చంక ముక్కలు, నెలవంకల లెక్క.
బడిపిల్లల లంగాల నీలం.
పెండ్లి కోటు లోపలి జారుడు గుడ్డ.
దాన్ని మాత్రం నమ్మద్దు,
సూది కింద చేపపిల్ల.

అడుగున ఆమె తొమ్మిది వారల చీర పరిచినం.
నడుమ దోమతెర, మా అత్త ఉన్ని శాలువ సగం.
పైన నేను ఖాకీ అంగీ పెట్టిన,
జంగల్ డిపోల టేకు దుంగలకు నంబర్లు కొట్టిన అంగీ.
చేతులు కోసిన, కాలరు కోసిన,
జేబు కాడికొచ్చి కత్తెర ఆగింది.
ఎందుకో తెల్వదు.
జేబును జేబు లెక్కనే ఉంచి
చుట్టూ కుట్టి, నోరు తెరిచి పెట్టిన.
అరుగు మీద మా ఆయన
"నా అంగీ ఏదే?" అని మూడు రోజులు దేవులాడిండు.

ఇగ కుట్టు.
నేను నాగలి సాలు లెక్క కుడత,
ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్ళ వెనక్కి.
ఆమె అంచున మొదలువెట్టి
చుట్టుకుంట చుట్టుకుంట లోపలికొస్తది.
గానుగెద్దు అన్న.
ఆమె మరాఠీల ఏందో అన్నది,
అర్థమైంది గాని
కానట్టే దారం తడిచేసి సూదికెక్కించిన.

నాలుగు వారాలు, వేలికి తోలుముక్క కట్టుకొని.
నడిమికొచ్చేసరికి నా సాళ్ళు, ఆమె సుడులు ఎదురుపడ్డయి.
గుడ్డకు ఎటు పోవాల్నో తెల్వక
పొంగిన పూరీ అంత బుడిపె లేచింది.
విప్పుదామన్న, వద్దన్నది.
పొద్దుగూకినంక ఆమె విప్పుదామన్నది,
అప్పుడు నేను వద్దన్న.

మీరు ఇట్ల చెయ్యకుండ్రి.
చేసినా ఏం కాదు,
ఆ బుడిపె మీద తల పెట్టి పిల్ల మంచిగ పంటది.
పిల్లంటే ఆమె మనుమరాలు ప్రాజక్త, ఐదేండ్లది.
అవ్వతోని మరాఠీ, నాతోని తెలుగు.
జేబుల మూతి పెట్టి బొంతతోని
ఏ భాషల గుసగుసలాడేదో అడగలే.

మిరుగు ముందు ఉతుకుదామని ఏటికి మోసినం.
తడిసిన బొంత, తాగిన మొగోడు ఒక్కటే బరువు.
చెరో దిక్కు పట్టి పిండుతుంటే
ఆమె కుడికి తిప్పె, నేనూ కుడికే తిప్పితి,
నీళ్ళు పోవుడు కాదు, మేమే నవ్వి కూలబడ్డం.
ఇంటికొచ్చేసరికి మొగులు పట్టింది.
వసారల దండెం మీద పది రోజులు ఆరలే,
ముక్క వాసన.

పదకొండో పొద్దు ఖాకీ జేబు నోట్లె
తెల్లటి మొలక, వంగిన సూది లెక్క.
చెయ్యి పెట్టి చూస్తే ఐదు చింతగింజలు,
ఎన్నడు దాచిందో పిల్ల.
నాలుగు మురిగినయి. ఒకటి ఊకోలే.

"నా జేబుల మొలిచింది, నాదే" అని అరుగు మీంచి ఆయన.
గోడకు ఆ పక్క వత్సలాబాయి గుంట తవ్వుతున్నది.
ఈ పక్క నేను తవ్వుతున్న.
పిల్ల రెండు చేతులతోని జేబు మూసి
తడి బొంత మీదనే కూసున్నది.
ఎవ్వలకూ ఇయ్యదట.