తొమ్మిదో పెట్టె

ఇరవై ఆరేళ్ళు, అక్తోబే నుంచి అల్మాటీ దాకా
తొమ్మిదో పెట్టె నాది.
దుప్పట్లు పంచాను, సమోవారుకి బొగ్గు వేశాను,
కండగాచ్‌లో దిగాల్సినవాళ్ళని భుజం తట్టి లేపాను.
అర్ధరాత్రి దాటాక
యాభై నాలుగు పడకల పొడవునా
ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.
"కుల్యాష్ రెప్ప వాల్చదు, ఎంత బాధ్యత!" అన్నారు పైవాళ్ళు.
పత్రం కూడా ఇచ్చారు. అద్దం కట్టించి గోడకి కొట్టాను.
అది బాధ్యతకి కాదు,
నా పిక్కలకి రావాల్సిన పత్రం.

ఉద్యోగం అయిపోయి కజాలీలో ఇంటిపట్టున ఉంటే తెలిసింది.
పరుపు మీద నడుం వాలుస్తానో లేదో
మొదలు.
నొప్పా, అంటాడు ఒరాజ్‌గలి. కాదు.
తిమ్మిరా? కాదు.
కొంకరా? కొంకరైతే కండ రాయిలా బిగుస్తుంది, అది నాకు తెలుసు.
మరేంటి?
ఏమని చెప్పను.
ఎముకకీ మాంసానికీ మధ్య ఎవరో
సన్నటి సెగ మీద నీళ్ళు మరిగిస్తున్నట్టు.
అదీ కాదు.
లోపల ఒక గొర్రెపిల్లని కట్టేశారు,
అది తాడు లాగుతోంది.
నడిపిస్తే ఊరుకుంటుంది,
నిలబెడితే మళ్ళీ లాగుతుంది.
తెల్లారగట్ల నాలుగింటికి దానంతటదే పడుకుంటుంది.
అప్పుడు నన్ను లేపడానికి ఆవు అరుస్తుంది.

నిద్రలో తంతున్నానట.
ఒరాజ్‌గలి తన పరుపు గోడవారకి జరుపుకున్నాడు.
నలభై ఏళ్ళ కాపురంలో మా మొదటి సరిహద్దు.

అప్పుడే అమ్మ గుర్తొచ్చింది.
రాత్రిళ్ళు గుడారం చుట్టూ తిరిగేది.
తోడేళ్ళకి కాపలా అనుకునేవాళ్ళం.
తోడేళ్ళు రాని వేసవిలో కూడా తిరిగేది.
మేం అడగలేదు.
ఆమె దగ్గరా మాట లేదు.

కిజిలోర్దాలో డాక్టరు రౌషన్, నా మనవరాలి ఈడు.
"కూర్చోండి" అంది. "వద్దమ్మా" అన్నాను.
కలం పక్కన పెట్టి నా కాళ్ళ వంక చూసింది.
పొద్దుగూకితే ఎక్కువవుతుందా?
కూర్చుంటే వస్తుందా, నడిస్తే పోతుందా?
ఇంట్లో ఇంకెవరికైనా?
అమ్మ గుడారం సంగతి చెప్పాను.
పిచ్చి కాదంది, ముసలితనమూ కాదంది.
దానికో పేరుందంది.
ఆ పేరు రెండుసార్లు పలికించుకున్నాను,
టికెట్ మీద ఊరి పేరు సరిచూసుకున్నట్టు.

రక్తం తీశారు. రక్తం బాగానే ఉందట,
ఇనుము దాచుకునే కొట్టు మాత్రం ఖాళీ అట.
ఇరవై ఆరేళ్ళు ఇనుప పట్టాల మీద తిరిగినదానికి
ఒంట్లో ఇనుము లేదట!
ఒరాజ్‌గలి దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

మాత్ర రాసింది. లెక్క తనే చూసుకుంటానంది,
సొంతానికి పెంచుకోవద్దంది.
మాంసం తిన్న వెంటనే పాలు పోసిన చాయ్ తాగొద్దు, గంటైనా ఆగమంది.
మా ఇళ్ళల్లో చాయ్‌ని ఆపమనడం
వంతెన నడిమధ్య రైలుని ఆపమనడమే.
ఆపాను.
ఆగస్టులో మాచిపత్రి పుప్పొడికి తుమ్ములు.
ఆ తుమ్ముల మాత్ర వేసుకున్న రాత్రే
గొర్రెపిల్ల గుంజ పీకేసేది.
చీటీ చూపిస్తే అది మానిపించి వేరేది ఇచ్చింది.

పోయిందా అంటే, పోలేదు.
వారానికి ఏడు రాత్రులు రెండయ్యాయి.
ఆ రెండింటికీ బకెట్టు వేణ్ణీళ్ళు,
పిక్కలకి ఒరాజ్‌గలి మొరటు బొటనవేళ్ళు.

మొన్న షిమ్కెంట్ పెళ్ళికి పోతూ ప్రయాణికురాలినై ఎక్కాను.
రాత్రి రెండింటప్పుడు నడవాలో
సైన్యం నుంచి సెలవు మీద వెళ్తున్న కుర్రాడు,
కాలు కాలిన పిల్లిలా.
ఒక మడమతో రెండో పిక్కని రుద్దుకుంటున్నాడు.
"పడుకుంటే వస్తుందా బాబూ?" అన్నాను.
తన పెట్టె తాళం నా దగ్గర దొరికినట్టు చూశాడు.

తుర్కిస్తాన్ దాకా ఇద్దరం నడిచాం.
అతని తండ్రీ అంతేనట, రాత్రిళ్ళు కంచె చూసొస్తాడట.
కొత్త కండక్టరు విసుక్కున్నాడు, ఆనక జాలిపడ్డాడు.
"అత్తా, చాయ్ తేనా ఇద్దరికీ?"
కుర్రాడి వైపు తిరిగాను.
"ఎప్పుడు తిన్నావు?"
"ఇప్పుడే."
"అయితే గంట ఆగు" అన్నాను,
కండక్టరుతో.